కాజాల బాబాయి కోత లెక్క

కాజాల బాబాయి దేన్నీ డబ్బుల్లో లెక్కపెట్టడు. కాజాల్లో లెక్కపెడతాడు.

యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆయనది కాజా మిషను. చొక్కాకి గుండీ దూరే చిల్లు వేసి, దాని చుట్టూ దారంతో అంచు కట్టే పని. చొక్కాకి తొమ్మిది కాజాలు. రోజుకి మూడు వేలు. ముప్పై ఏళ్ళుగా అదే స్టూలు, ఎదురుగా అదే గోడ. ఒకప్పుడు కాజాకింత అని కూలి ఇచ్చేవాళ్ళు. తర్వాత నెలజీతాలు వచ్చాయి. అందరూ పాత లెక్క మర్చిపోయారు. బాబాయి మాత్రం తన రోజు జీతాన్ని మూడు వేలతో భాగించి, వచ్చిన ఆ చిన్న ముక్కతో లోకాన్నంతా కొలవడం మొదలుపెట్టాడు. జీతం పెరిగినప్పుడల్లా కూర్చుని మళ్ళీ భాగించుకుంటాడు.

టీ అరవై కాజాలు. "అరవై కాజాలు వేసి తెచ్చిన డబ్బు. ఇంత పల్చగా పోస్తావా?" అని క్యాంటీను వాణ్ణి నిలదీస్తాడు. క్షవరం నాలుగు వందలు. మంగలి కత్తెర ఆపి, "ఇంకా ఎన్ని దాచావు బాబాయ్?" అంటే, "నెత్తి మీద మిగిలిన వెంట్రుకల కంటే ఎక్కువేలే, నువ్వు కానీ" అంటాడు.

ఒకసారి దగ్గు వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు నాలుక చాపమన్నాడు, చూశాడు, మందు రాశాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"పద్దెనిమిది వందల కాజాలండీ. ఒక్క నాలుకేనా చూసేది? చెవులు కూడా తెచ్చాను."

డాక్టరు చెవులు కూడా చూశాడు. ఏమీ లేదన్నాడు. బాబాయి తృప్తిగా లేచి, "రెండు చెవులు బాగున్నాయని తేలింది. ఇప్పుడు గిట్టుబాటయింది" అన్నాడు.

ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళు ఇది చూసి నవ్వుతారు. ఆరునెలలు తిరిగేసరికి, ఇస్త్రీ బల్ల దగ్గర ఎవరో కొత్త చెప్పులు తిరగేసి చూసుకుంటూ, "నూట డెబ్బై చొక్కాలు రుద్దితే వచ్చాయి ఇవి" అంటారు. ఆ మాట అన్నాక తనే ఉలిక్కిపడతారు. ఆ జబ్బుకి మందు లేదు.

జీతాల కిటికీ వెనక కొత్తగా చేరిన గుమాస్తాకి ఇదేమీ తెలియదు.

ఆమెకి నలభై ఒక్కేళ్ళు. అంతకుముందు పనిచేసిన ఆఫీసు మూతపడితే, తెలిసిన మొహం ఒక్కటి కూడా లేని ఈ ఊరికి వచ్చింది. అద్దె గది. ఒక మంచం, ఒక స్టవ్వు, నలుగురు కూర్చోగలిగిన బల్ల. బల్లకి ఒకటే కుర్చీ. ఆదివారం సాయంత్రం కొట్టుకి వెళ్ళి "అర లీటరు పాలు" అన్నప్పుడు, ఆ రోజంతటికీ తన గొంతు తనకి మొదటిసారి వినపడేది.

ఫ్యాక్టరీలోనూ అంతే. జీతాల గదికి ఒక అద్దం, అద్దానికి కింద సగం పళ్ళెమంత చిల్లు. మరీ కిందికి ఉంది. వచ్చినవాళ్ళు నిలబడే మాట్లాడతారు. ఆమెకి చేతులు మాత్రమే కనిపిస్తాయి. చూపుడు వేలి మీద కాలిన మచ్చ ఉంటే ఇస్త్రీ అక్క. బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంటే దారాలు కత్తిరించే పిన్ని. గోళ్ళ కింద సుద్ద ఉంటే కటింగు మాస్టరు. పేర్లు జాబితాలో ఉన్నాయి, చేతులు కిటికీలో ఉన్నాయి, మొహాలు ఎక్కడున్నాయో తెలియదు. మధ్యాహ్నం అందరూ భోజనాల గదికి వెళతారు. ఆమె డబ్బా విప్పి ఫైళ్ళ మధ్యే తినేది. కొత్తల్లో ఒకరిద్దరు రమ్మన్నారు. "పని ఉంది" అంది. తర్వాత ఎవరూ పిలవలేదు. పని ఏమీ లేదు.

చేరిన మూడో వారం, ఒక గురువారం మధ్యాహ్నం, ఆ చిల్లులో చేతుల బదులు ఒక మొహం కనిపించింది. నెరిసిన కనుబొమలు, ముక్కు మీదకి జారిన కళ్ళజోడు. మనిషి నడుం వంచి, తల పక్కకి తిప్పి, లోపలికి చూస్తున్నాడు.

"అమ్మాయ్, భోజనమైందా?"

"తింటున్నానండీ."

"తిను, తిను. నువ్వు తింటూ ఉండు, నేను అడుగుతూ ఉంటా. వారానికి ఒక్క ప్రశ్నే. నూటికి ఒకటి అంటే దేంట్లో ఒకటి?"

ఆమె ముద్ద మింగి, "ఏంటండీ?" అంది.

ఆయన ఒక కాగితం లోపలికి తోశాడు. పింఛను కాగితం. ఫ్యాక్టరీలో అందరికీ నెలనెలా జీతంలో కొంత పట్టుకుంటారు, యజమాని కొంత కలుపుతాడు, ఆ మొత్తాన్ని ఒక పింఛను కంపెనీ దాచి పెంచుతుంది. ముసలితనానికి. ఏడాదికోసారి ఇంత ఉందని కాగితం పంపుతుంది. కాగితం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, "నిర్వహణ రుసుము ఏడాదికి నూటికి ఒకటి" అని ఉంది.

"ఏముందండీ, నూటికి ఒకటేగా" అంది ఆమె.

"అదే నేనూ అడుగుతున్నా. దేంట్లో? ఈ ఏడు నేను కట్టినదాంట్లోనా, మొదట్నుంచీ ఉన్న మొత్తంలోనా?"

ఆమెకి తెలియదు. తెలియదని చెప్పడం నామోషీ అనిపించి, "కనుక్కుని చెబుతా" అంది.

"గురువారం వస్తా" అని మొహం కిటికీలోంచి తప్పుకుంది.

ఆమె పింఛను కంపెనీకి ఫోను చేసింది. "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అని ఒక ఆడగొంతు ఇరవై రెండు నిమిషాలు చెప్పింది. మధ్యమధ్యలో సన్నాయిలాంటిదేదో వాయించారు. చివరికి ఒకతను వచ్చి చెప్పాడు. మొత్తంలోనే. ప్రతి ఏడూ, ఉన్న మొత్తంలోంచి నూటికి ఒకటి.

గురువారం ఆ మాట చెబితే, బాబాయి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "నా ఖాతాలో యాభై లక్షల కాజాలు ఉన్నాయి. అంటే ఏడాదికి యాభై వేలు కోత. దాదాపు పదిహేడు రోజులు నేను వాళ్ళకి పనిచేస్తున్నానన్నమాట. పదిహేడు రోజులు! ఒక్కరోజైనా వచ్చి టీ తాగావా అని అడగలేదే!"

ఆమెకి నవ్వొచ్చింది. నోట్లో అన్నం ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ ఊరు వచ్చాక నవ్వడం అదే మొదలు.

తర్వాతి గురువారం: "నష్టం వచ్చిన ఏడు కూడా కోస్తారా?"

ఫోను. సన్నాయి. కోస్తారు.

"అంటే నా మిషను ఆగిపోయి ఒక్క కాజా పడకపోయినా నాకు జీతం ఇవ్వాలి కదా. అడుగు మీ మేనేజర్ని."

"నేనడగను బాబాయ్, మీరే అడగండి." బాబాయ్ అని ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు.

ఇంకో గురువారం ఆయన కాగితంలో లేని కోత గురించి అడిగాడు. ఆ కంపెనీ మన డబ్బుతో వాటాలు కొంటుంది, అమ్ముతుంది. కొన్నప్పుడు దళారీకి ఖర్చు, అమ్మినప్పుడు ఖర్చు. ఎవరు పెట్టుకుంటారు? నలభై నిమిషాల సన్నాయి తర్వాత తేలింది. అది కూడా మన మొత్తంలోంచే పోతుంది, ఆ నూటికి ఒకటిలో కలవదు, వేరే చూపించరు.

"బాబినులో దారం" అన్నాడు బాబాయి.

"అంటే?"

"మిషను మీద దారం పైకి కనిపిస్తుంది. కింద బాబినులో ఇంకో దారం ఉంటుంది, కనపడదు. కనపడదని ఊరుకుంటే ఎక్కడో కాలరు మధ్యలో అయిపోతుంది. కొత్తవాళ్ళు పైదారం చూసుకుంటూ కూర్చుంటారు."

ఆమె ఒక నోటుపుస్తకం పెట్టింది. ప్రశ్నలు ఒక పక్క, జవాబులు ఒక పక్క. కోతలు లేకపోతే ముప్పై ఏళ్ళలో ఎంతయ్యేది, కోతలతో ఎంతయింది అని ఒక రాత్రంతా లెక్క కట్టి, ఆరో వంతు తేడా అని తేల్చింది. బాబాయి విని, "ఆరు చొక్కాలు కుడితే ఒక చొక్కా వాళ్ళ ఒంటి మీదకి పోయింది. కనీసం కొలతలైనా ఇచ్చుంటే సరిగ్గా కుట్టేవాణ్ణి" అన్నాడు.

ఒక గురువారం బాబాయి రాలేదు. ఒంటి గంట అయింది, ఒంటిగంటన్నర అయింది. ఆమె డబ్బా విప్పింది, మూసింది. జ్వరమని కటింగు మాస్టరు చెప్పాడు. సంతకం పెట్టించే కాగితం ఒకటి చేతిలో పట్టుకుని, సాయంత్రం ఆయన ఉండే గదికి వెళ్ళింది. ఆ కాగితానికి తొందరేమీ లేదు.

మెట్లెక్కి రెండో అంతస్తు. తలుపు తీసే ఉంది. ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకి ఒక ఆడమనిషి ఫోటో. ఇక్కడా ఒకటే కుర్చీ. ఆయన మంచం మీద లేచి కూర్చుని, కుర్చీ ఆమెకి చూపించాడు.

"ఏం బాబాయ్, ఎన్ని కాజాల జ్వరం?"

"మాత్రలకి తొమ్మిది వందలు. సెలవుకి మూడు వేలు. ఖరీదైన జ్వరమే పట్టింది అమ్మాయ్."

ఆమె ఫోటో వైపు చూసింది. ఆయన భార్య పోయి పదకొండేళ్ళయిందని, రెండేళ్ళు మంచం మీదే ఉందని ఫ్యాక్టరీలో వింది. నోరు జారింది. "పిన్నిగారి మందులకి చాలా అయ్యుంటాయి, కాజాలు."

"అవి లెక్కపెట్టలేదు" అన్నాడు బాబాయి.

ఆమె చారు కాచి పెట్టి వచ్చేసింది.

ఆమె చేరిన ఎనిమిదో నెలలో పింఛను కంపెనీ నుంచి రంగుల కాగితాలు వచ్చాయి. రెండు వందల పన్నెండు మందికి రెండు వందల పన్నెండు. పైన పెద్ద అక్షరాలు: "శుభవార్త! వెయ్యికి పది ఉన్న రుసుము ఇక వెయ్యికి ఆరే!" సగంమంది పైన సంతకం పెడితే కొత్త పద్ధతి అందరికీ వస్తుంది. శనివారం భోజనాల గదిలో మీటింగు, కంపెనీ ప్రతినిధి స్వయంగా వచ్చి వివరిస్తాడు, అక్కడే సంతకాలు. మేనేజరు చాలా సంతోషంగా ఉన్నాడు. నోటీసు బోర్డు మీద తనే అంటించి, నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చాడు.

బాబాయి సోమవారమే వచ్చాడు. గురువారం దాకా ఆగలేదు.

"తిరగెయ్యి."

ఆమె కాగితం తిరగేసింది. వెనక, బూడిదరంగులో, "ప్రతి ఖాతాకు నెలవారీ స్థిర సేవా రుసుము వర్తించును" అని ఉంది. ఎంత రుసుమో ఇంకా కింద ఉంది. ఆమె భాగించింది. ఇప్పుడు ఆమె కూడా అన్నీ భాగిస్తోంది. నెలకి అయిదు వందల కాజాలు.

"ఎవరికైనా అంతేనా? ఎక్కువున్నా తక్కువున్నా?"

"ఎవరికైనా అంతే."

"నీ ఖాతాలో ఎంతుంది?"

"నాదా? ఎనిమిది నెలలదానికి ఏం చూస్తాం బాబాయ్. కవరే విప్పలేదు."

"తక్కువున్నవాళ్ళే చూసుకోవాలి. విప్పు."

విప్పింది. అరవై వేల కాజాలు. ఇప్పటి కోత ఏడాదికి ఆరు వందలు. కొత్త పద్ధతిలో వెయ్యికి ఆరు చొప్పున మూడు వందల అరవై, దానిమీద నెలకి అయిదు వందల చొప్పున ఆరు వేలు. మొత్తం ఆరు వేల మూడు వందల అరవై. ఆమె రెండోసారి వేసింది. అంతే వచ్చింది. ఉన్నదాంట్లో పదోవంతు ఒక్క ఏడాదిలో.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా జాబితా ముందేసుకుని కూర్చుంది. పదిహేను లక్షల కాజాల పైన ఉన్నవాళ్ళకి కొత్త పద్ధతి లాభం. అంటే ఇంచుమించు పదమూడేళ్ళ పైన పనిచేసినవాళ్ళు. ముప్పై ఒక్కమంది. మిగతా నూట ఎనభై ఒక్కమందికి నష్టం. దారాలు కత్తిరించే పిన్ని లాంటివాళ్ళకి మరీ.

మర్నాడు కిటికీ చిల్లులో మొహం కనపడగానే చెప్పింది. "బాబాయ్, మీరు ముప్పై ఒక్కమందిలో ఉన్నారు. మీకు ఇప్పుడు యాభై వేలు కోత. కొత్తదాంట్లో ముప్పై ఆరు వేలే. ఏడాదికి పద్నాలుగు వేల కాజాలు మిగులుతాయి."

"చూసుకున్నా."

"మరి మీరెందుకు తిరగెయ్యమన్నారు? సంతకం పెట్టేస్తే సరిపోయేదిగా."

"పద్నాలుగు వేలంటే పదిహేను వందల చొక్కాలు. నేను ఏడాదికి రెండు కుట్టించుకుంటా. మిగతావి ఎవరు తొడుక్కుంటారు? నువ్వు తొడుక్కుంటావా?"

"వద్దు బాబాయ్."

"వద్దంటున్నావుగా. అయితే శనివారం నోరు విప్పు."

నోరు విప్పడం అంత తేలిక కాదు. బుధవారం మేనేజరు ఆమెని పిలిచాడు. జాబితా చూసి లెక్కలు వేస్తోందని ఎవరో చెప్పారు. "చూడమ్మా, మీటింగులో అంకెలు చెప్పడానికి ప్రతినిధి ఉన్నాడు. మీరు సంతకాల కాగితం పట్టుకుని నిలబడితే చాలు. మీకింకా పర్మనెంటు కాలేదు కదా, నాలుగు నెలలుంది కదా" అన్నాడు. మంచిగానే అన్నాడు. ఆయన మాట్లాడేదంతా మంచిగానే ఉంటుంది.

ఆమె గదికి వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. ఈ ఉద్యోగం పోతే ఇంకో ఊరు. ఇంకో గది. ఇంకో కొట్లో అర లీటరు పాలు. వండుకోలేదు.

శనివారం భోజనాల గది నిండిపోయింది. ప్రతినిధి కుర్రవాడే. మెడకి టై, చేతిలో ఎర్ర చుక్క వేసే లైటు. గోడ మీద బొమ్మలు వేసి, సగటు అన్నాడు, దీర్ఘకాలం అన్నాడు, పారదర్శకత అన్నాడు. వెనక బెంచీలో ఇద్దరు నిద్రపోయారు. ఆమె సంతకాల కాగితం గుండెలకి ఆనించుకుని తలుపు దగ్గర నిలబడింది. మొదటిసారి అందరి మొహాలూ చూస్తోంది. చేతులు చూసి గుర్తుపట్టుకుంటోంది.

"సందేహాలేమైనా ఉంటే అడగండి" అన్నాడు ప్రతినిధి.

కాజాల బాబాయి లేచాడు. గదిలో సగంమంది అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

"బాబూ, ఆ వెనక రాసిన నెలవారీ రుసుము ఎన్ని కాజాలు?"

"ఎన్ని... ఏమిటండీ?"

"కాజాలు."

"చెప్పవయ్యా" అన్నారు వెనకనుంచి. "ఇక్కడ అందరికీ ఆ లెక్కే తెలుసు."

"అందరికీ కాదు!" ఇస్త్రీ అక్క లేచింది. "నాకు చొక్కాల్లో చెప్పాలి. నేను కాజాలు రుద్దుతానా?"

"కాలర్లలో చెప్పండి" అన్నాడు కాలర్లు కుట్టేవాడు.

"ఒక కాలరుకి ఎన్ని కాజాలు?" అని ఎవరో అడిగారు. అంతే, గది రెండుగా చీలింది. నలభై అన్నాడు కాలరువాడు. "నీ కాలరు మొహానికి పాతిక ఎక్కువ" అన్నాడు కాజా మిషను పక్కవాడు. సూపరువైజరు ముప్పైకి రాజీ చేశాడు. ప్రతినిధి టై వదులు చేసుకుని, ఫోను తీసి, చెమటలు కక్కుతూ గుణించడం మొదలుపెట్టాడు. ఆ రోజు అతనికి కోటు మీద, గుండీ మీద, బట్టలు వేసుకునే ఆచారం మీదే విరక్తి కలిగి ఉంటుంది.

"నెలకి అయిదు వందల కాజాలు" అన్నాడు చివరికి. గొంతు సన్నగా వచ్చింది.

అయిదు వందల కాజాలంటే ఏమిటో అక్కడ ఎవరికీ వివరించక్కర్లేదు.

"కానీ సగటున చూస్తే..." అన్నాడు ప్రతినిధి.

దారాలు కత్తిరించే పిన్ని సగటు వైపు చూడలేదు. తలుపు వైపు చూసింది. "కిటికీ అమ్మాయీ, నువ్వు చెప్పు. మాకు లాభమా, నష్టమా?"

అందరూ తిరిగి చూశారు. మేనేజరు కూడా చూశాడు. తల కొద్దిగా, చాలా కొద్దిగా, అడ్డంగా ఊపాడు.

ఆమె సంతకాల కాగితం కిందికి దించింది. "ఎవరి లెక్కా నేను బయటపెట్టకూడదు" అంది. మేనేజరు ఊపిరి వదిలాడు. "నాది చెప్పచ్చు" అంది.

చెప్పింది. "నాకు అరవై వేల కాజాలు ఉన్నాయి. ఇప్పుడు ఏడాదికి ఆరు వందలు పోతున్నాయి. ఇది వస్తే ఆరు వేల మూడు వందల అరవై పోతాయి. పదమూడేళ్ళ పైన చేసినవాళ్ళకి ఇది లాభమే. లోపు ఉన్నవాళ్ళు వాళ్ళ వాళ్ళ కాగితం తెచ్చుకుంటే, చెవిలో చెబుతా."

పిన్ని వెంటనే, "దీనికి కూడా అంటుకుందర్రా కాజాల జబ్బు!" అంది. గది గొల్లున నవ్వింది.

సంతకాలు ఇరవై రెండు వచ్చాయి. ముప్పై ఒక్కమందిలో మిగతా తొమ్మిదిమంది పెట్టలేదు. వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. ప్రతినిధి లైటు, బొమ్మలు సర్దుకుని వెళ్ళిపోయాడు. పాత పద్ధతే నిలిచింది. నూట ఎనభై ఒక్కమంది దాచుకున్నది ఉన్నచోటే ఉంది.

ఆమె ఆదివారమంతా ఉద్యోగం పోయిన మనిషిలా గడిపింది. పెట్టె దించి, తుడిచి, బట్టలు ఎన్ని పడతాయో చూసింది.

సోమవారం పొద్దున్నే మేనేజరు పిలిచాడు. ముందున్న కాగితం చూసి చదివాడు.

"శనివారం మీ వల్ల మీటింగు రెండు గంటలు సాగింది. ఉత్పత్తికి నష్టం. ఒక్క మిషను మీదే ఏడు వందల యాభై కాజాలు."

ఆమె తలెత్తింది.

"ఇకమీద ఈ పింఛను ప్రశ్నలతో పని గంటలు పాడవడానికి వీల్లేదు. కాబట్టి మీకు శిక్ష. రేపట్నుంచి రోజూ మధ్యాహ్నం భోజనాల గదిలో బల్ల వేసుకుని కూర్చోవాలి. ఎవరేమడిగినా చెప్పాలి. అందరికీ చెప్పేదాకా. విసుగొచ్చినా సరే. మీ భోజనం కూడా అక్కడే చేసుకోండి." ఆయన కాగితం మడిచాడు. "రాత్రంతా ఆలోచించి నేనే నిర్ణయించాను."

"అలాగే సార్" అంది. బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. మేనేజరు పుట్టి బుద్ధెరిగాక దేన్నీ కాజాల్లో లెక్కపెట్టలేదు. డజన్లలో లెక్కపెడతాడు.

మంగళవారం ఫైళ్ళు, డబ్బా పట్టుకుని భోజనాల గదికి వెళ్ళింది. బల్ల వేసి ఉంది. దాని చుట్టూ అప్పటికే ఏడుగురు ఉన్నారు. నోరు తెరిచేలోపు ఇస్త్రీ అక్క డబ్బా లాక్కుని మూత తీసింది. "ఇదేం కూర? ఉప్పు ఉందా దీంట్లో? ఇలా తింటే అరవై ఏళ్ళ దాకా ఉంటావా, పింఛను తీసుకోడానికి?" తన గిన్నెలోది సగం అందులో బోర్లించింది. పిన్ని పింఛను కాగితం తేవడం మర్చిపోయి, అల్లుడి మీద చాడీలు తెచ్చింది. కాలరువాడు నిజంగానే ప్రశ్న అడిగాడు, కానీ జవాబు వినకుండా కాలరుకి ముప్పై అన్యాయమని మళ్ళీ మొదలుపెట్టాడు. అరగంటలో ఆమె నాలుగు ముద్దలు తింది, ఒక్క లెక్క చెప్పింది, మూడుసార్లు పొలమారింది.

బాబాయి చివరి బెంచీలో గోడ వైపు తిరిగి కూర్చుని చాలా శ్రద్ధగా తింటున్నాడు.

వారం గడిచాక ఆయన మిషను దగ్గరికి తనే వెళ్ళింది. అటువైపు రావడం అదే మొదటిసారి. ఆయన పాదం తీస్తే మిషను ఆగింది.

"బాబాయ్, నాకు శిక్ష వేయించారట."

"నేనా? నాకేం సంబంధం? మేనేజరు గారు రాత్రంతా ఆలోచించారట కదా." దారం చివర కత్తిరించి, కళ్ళజోడు సర్దుకున్నాడు. "కష్టంగా ఉందా?"

"ఉండదా మరి! నలుగురూ మీద పడి మాట్లాడుతుంటే అన్నం తిన్నట్టే ఉండడం లేదు. నిన్న ఇస్త్రీ అక్క ఇంటికి లాక్కుపోయింది, ఆదివారం పిన్ని రమ్మంది. నాకు ఒక్క నిమిషం తీరిక లేదు."

"పాపం. అయితే మేనేజరుతో మాట్లాడి తీయించెయ్యనా?"

"ఆ జోలికి వెళ్ళారంటే ఊరుకోను" అంది ఆమె.

బాబాయి తల ఊపి, పాదం నొక్కాడు. మిషను మళ్ళీ కదిలింది.